భీమిలి రేవులో ఏడు ఆదివారాలు

బొబ్బిలి కోట కాలిపోయిందని మనందరికీ తెలుసు. బెంగాల్ ఖరగ్‌పూర్‌లో, ఝపటాపూర్ దోర్కా టీ కొట్టు దగ్గర మాత్రం అది కాలలేదు. ఆదివారం సాయంత్రం నాలుగింటికి అక్కడికి వెళ్లి కోట కాలిందని అన్నారంటే, టీ కంటే ముందు మీకు పాఠం దొరుకుతుంది. ఆ బెంచీల మీద కూర్చునేవాళ్ల లెక్క ప్రకారం బొబ్బిలి, విజయనగరం మూడేళ్లు కొట్టుకుని, కొట్టుకుని అలిసిపోయి, చివరికి ఒకే విస్తట్లో అన్నం తిని ఒక్క రాజ్యమైపోయాయి. ఆ రాజ్యానికి గజపతినగరం రాజధాని. అదేంటయ్యా గజపతినగరం అంటే, రెండూళ్లకీ మధ్యలో ఉంది కనక, జంక్షన్ ఎప్పుడూ మధ్యలోనే పెట్టాలి కనక.

ఈ చరిత్రంతా ఒకే ఒక్క మనిషి కల్పించాడు. అతని పేరు దేముడు. రైల్వే కేబిన్‌లో స్విచ్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. వయసు డెబ్భై మూడు, చదువు ఎనిమిదో తరగతి. గొంతు సంగతి చెప్పాలంటే, ప్లాట్‌ఫారం ఈ చివర దగ్గితే ఆ చివర కుక్కలు లేచి కూర్చునేవి. హిజ్లీలో పాఠాలు చెప్పే తెలుగు మాస్టారొకాయన ఓసారి టీకి వచ్చి, పాపం మర్యాదగానే, "అయ్యా, అలా జరగలేదండీ" అన్నాడు. దేముడు ఆయన్ని జాలిగా చూశాడు. "జరగలేదనే కదా బాబూ సెప్తన్నాను. జరిగింది సెప్పడానికి మీరున్నారు" అన్నాడు. మాస్టారు ఆ తర్వాత మూడు ఆదివారాలు వరసగా వచ్చాడు.

దేముడి సైన్యం మామూలు సైన్యం కాదు. అందులో భటుడు ఎనిమిది గంటలు కాపలా కాస్తే రిలీవర్ రావాలి. రాకపోతే యుద్ధం మధ్యలోనైనా సరే, కత్తి కింద పెట్టి కూర్చునే హక్కు వాడికుంది. ఏనుగులు బయల్దేరే ముందు ఒక మనిషి చుట్టూ తిరిగి, బోగీ చక్రాల్ని తట్టినట్టు వాటి కాళ్లని కర్రతో తట్టి చూస్తాడు. ముందు దండు అవతలి ఊరు చేరిందని కబురు రానిదే వెనక దండు అంగుళం కదలదు. ఒకసారి శత్రువు ఎదురుగా నిలబడి ఉండగా సేనాపతి లైన్ క్లియర్ కోసం గంటన్నర ఆగిపోయాడు.

"మరి శత్రువు ఊరుకున్నాడా బాబాయ్?" అని అడిగింది దోర్కా.

"ఆడికీ రావాల కదమ్మా లైన్ క్లియరు."

దీనికి ఎవరూ నవ్వలేదు. అక్కడ కూర్చున్నవాళ్లలో సగం మంది రైల్వేలో చేసినవాళ్లే. వాళ్లకది న్యాయంగానే తోచింది.

ఇంట్లో కొట్లాట చల్లారాక రాజుకు కొత్త బెంగ పట్టుకుంది. అన్నదమ్ములు మొన్నే కదా కత్తులు దించారు. ఖాళీగా కూర్చోబెడితే మళ్లీ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటారు. అందుకని ఆయన రాత్రింబవళ్లు ఆలోచించి, సముద్రం అవతల తెల్లవాళ్ల దేశంలో ఫ్రెంచివాడికీ ఇంగ్లీషువాడికీ జరుగుతున్న యుద్ధంలోకి మన దండును పంపాలని తీర్మానించాడు. "ఆళ్లు మన పోట్లాటలోకి వొచ్చినారు కదా, మనం ఆళ్ల పోట్లాటలోకి ఎల్లకూడదా?" అన్నాడట రాజు. అచ్చం దేముడి గొంతుతోనే అన్నాడు. ఏ పక్క చేరాలన్నది దారిలో తేల్చుకోవచ్చు, ముందు ఓడ ఎక్కాలి. చోడిపిండి మూటలు, ఎండు చేపల బుట్టలు మోసుకుని వెయ్యిమంది భీమిలి రేవులో దిగారు.

దిగినవాళ్లు దిగినట్టే ఉండిపోయారు. ఏడు ఆదివారాలు గడిచినా ఓడ కదల్లేదు.

వినేవాళ్లకు విసుగెత్తింది. "దాదా, ఎండుచేపలు పురుగు పట్టేస్తాయి" అని ఒకళ్లు, "ఆ వెయ్యిమందికీ రేవులోనే పెళ్లిళ్లు చేసెయ్ బాబాయ్" అని ఒకళ్లు ఎగతాళి చేశారు. ముందు బెంచీ మీద కూర్చునే మోహనకృష్ణ ఒక్కడే దేముణ్ని వెనకేసుకొచ్చేవాడు. డెబ్భై అయిదేళ్ల మనిషి, డెబ్భై నాలుగో సంవత్సరం రైల్వే సమ్మెలో జైలుకెళ్లి, ఉద్యోగం పోయి, నాలుగేళ్ల తర్వాత తిరిగి తెచ్చుకున్నవాడు. "ద్రోహులతో ఓడ ఎక్కడం కంటే రేవులో కూకోడమే మేలు" అనేవాడు.

ఆయన చెప్పిన ద్రోహుల సంగతేమిటంటే, అంతఃకలహం నాటి కథలో కోటకు రెండు గుమ్మాలుండేవి. తూర్పు గుమ్మం కాపలావాడు ఇరవై రోజులు తిండి లేకుండా, ఒంటరిగా నిలబడ్డాడు. పడమటి గుమ్మం కాపలావాడు మొదటి రోజే భయపడి గడియ తీసేశాడు. ఆ తర్వాత రాజ్యాలు కలిసినా, గుమ్మం తెరిచినవాళ్లెవరూ రాజుగారి ఓడ ఎక్కకూడదని శాసనం వేశారు. తీరా చూస్తే ఓడ మీద ఫిరంగి పేల్చడం పడమటి గుమ్మం వాళ్లకి తప్ప ఇంకెవరికీ రాదు. వాళ్లు లేకుండా ఓడ కదలదు, వాళ్లను ఎక్కించుకోవడానికి శాసనం ఒప్పదు.

ఈ గుమ్మాలేమిటో ఖరగ్‌పూర్ తెలుగువాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. తూర్పు గుమ్మం దేముడు. పడమటి గుమ్మం సుభాష్‌పల్లిలో ఉండే హెన్రీ.

దేముడి తండ్రి పాలకొండ వైపు నుంచి వచ్చి వర్క్‌షాప్‌లో ఖలాసీగా చేరాడు. హెన్రీ తండ్రి నరసాపురం నుంచి వచ్చి లోకోషెడ్‌లో చేరాడు. కొడుకులిద్దరూ ఒకే రోజు ఒకే వరసలో నిలబడి ఉద్యోగం తెచ్చుకున్నారు. ఇద్దరికీ కలిపి ఒకే సైకిలు. వెళ్లేటప్పుడు ఒకడు తొక్కితే వచ్చేటప్పుడు రెండోవాడు తొక్కాలి. క్రిస్మస్‌కి దేముడు చర్చిలో ముందు వరసలో కూర్చుని పాటలన్నీ తప్పుగా పాడేవాడు. మాతా పండగకి హెన్రీ ఘటాల ముందు అందరికంటే గట్టిగా గెంతేవాడు. వాళ్లిద్దరి మధ్య దూరమంటే సైకిలు సీటుకీ కేరియర్‌కీ మధ్య ఉన్నంతే.

డెబ్భై నాలుగు మే నెలలో దేశమంతా రైల్వే సమ్మె వచ్చింది. ఎనిమిదో తారీకు పొద్దున్న ఆరింటికి సమ్మెలో నిలబడడానికి గేటు దగ్గర కలుద్దామని ఇద్దరూ చేతిలో చెయ్యేసుకున్నారు. దేముడికి ఇరవై రెండేళ్లు, హెన్రీకి ఇరవై మూడు. "నువ్వుంటే నేనుంటాను" అన్నాడు హెన్రీ. "నేనెక్కడికి పోతాను" అన్నాడు దేముడు.

పోయాడు. ముందు రోజు మధ్యాహ్నం పోలీసు లారీలు వరసగా దిగడం చూశాడు దేముడు. సాయంత్రం కదిలిన చివరి బళ్లలో ఒకటి పట్టుకుని జలేశ్వర్‌లో మేనత్త ఇంట్లో దూరాడు. ఇరవై రోజులు అక్కడే ఆమె వండిన చేపల పులుసు తిని, గడ్డం పెంచుకుని, సమ్మె ముగిసిందని తెలిశాక తిరిగొచ్చాడు. ఆ గడ్డం చూసి జనం వాళ్లంతట వాళ్లే అండర్‌గ్రౌండ్‌లో సమ్మె నడిపాడన్నారు. భుజాలు తట్టారు, దండ వేశారు. దేముడు అవుననలేదు, కాదనలేదు. ఆ మనిషి జీవితంలో నోరు తెరవకుండా ఉన్నది అదొక్కసారే, అదీ తెరవాల్సిన చోట.

హెన్రీ ఎనిమిదో తారీకు పొద్దున్న ఆరింటికి గేటు దగ్గరికి వచ్చాడు. పదింటిదాకా చూశాడు. తర్వాత దేముడి క్వార్టర్‌కి వెళ్తే వాడి తల్లి, ఆమెకేం తెలుసు పాపం, "నిన్ననే అత్త ఇంటికెల్లిపోనాడు నాయనా" అంది. మధ్యాహ్నానికి హెన్రీ డ్యూటీ ఎక్కాడు. ఆ రోజు నుంచి వాడి పేరు లాయల్, అంటే సమ్మె విరిచి సర్కారు పక్క చేరినవాడు. పెళ్లిళ్లలో పక్కన కూర్చునేవాడు లేడు. వాడి ఇంటి తలుపు మీద ఎవరో తారుతో రాతలు రాశారు. తన తల్లి ఏం చెప్పిందో దేముడికి ఆమె నోటినుంచే తెలుసు. అంటే హెన్రీకి అంతా తెలుసని కూడా తెలుసు. ఒక్కమాట అంటే చాలు, దేముడి దండలన్నీ రాలిపోయేవి. హెన్రీ ఆ మాట అనలేదు. యాభై ఒక్క ఏళ్లలో ఒక్కసారి కూడా అనలేదు.

తిరిగొచ్చాక ప్లాట్‌ఫారం మీద హెన్రీ ఎదురుపడితే దేముడు సిగ్గుతో మొహం తిప్పుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు, "శెభాష్, లాయల్‌గాడి మొహం సూడకు" అని మెచ్చుకున్నారు. సిగ్గు కాస్తా సిద్ధాంతమైపోయింది. అంత సులువుగా అయిపోయిన సిద్ధాంతాన్ని వదిలించుకోవడం ఎంత కష్టమో దేముణ్ని అడగాలి.

తమాషా ఏమిటంటే, తర్వాత ఇద్దరికీ పక్కపక్క కేబిన్లు పడ్డాయి. ముప్ఫై ఏళ్లు, ఒకే షిఫ్టులో పడినప్పుడల్లా, ఒకడు బండి పంపితే రెండోవాడు అందుకోవాలి. రెండు గంటలు కొడితే లైన్ క్లియర్ ఇస్తావా అని అడగడం, మూడు కొడితే బండి బయల్దేరిందని చెప్పడం, నాలుగు కొడితే చేరిందని చెప్పడం. ఫోన్లో ఒక నంబరు చెప్పుకోవడం తప్ప వేరే మాట లేదు. మాటల్లేని ఆ ఇద్దరి మధ్య నుంచి లక్షలమంది హాయిగా నిద్రపోతూ ప్రయాణం చేశారు. హెన్రీ గంట విన్నాక దేముడు మళ్లీ కిటికీలోంచి తొంగి చూసి ఎరగడు. వాడు చెప్పాడంటే బండి చేరినట్టే. ఇంత నమ్మకం తను చిలకమ్మ మీద కూడా పెట్టుకోలేదని దేముడు ఎవరికీ చెప్పకుండా అనుకునేవాడు.

చిలకమ్మ అతని భార్య. సమ్మె అయిన రెండేళ్లకు బొబ్బిలి దగ్గర పల్లె నుంచి కాపురానికొచ్చింది. దేముడి చరిత్రలో తన పుట్టింటి కోటను కాలకుండా కాపాడినందుకు ఆమె సంతోషించిందనుకుంటే పొరపాటు. "ఆ కోట సంగతి తరవాత సూడు, ఈ ఇంటికి రేకులు మార్సు ముందు" అనేది.

ఓడ ఆగిపోయిన అసలు కారణం ఎనిమిది ఆదివారాల కిందట జరిగింది. దోర్కా కప్పులు కడుగుతూ మామూలుగా ఒక మాట అంది. ఆమె దేముడి కథలన్నీ ఫోన్లో రికార్డు చేసి తెలుగు చర్చి వాట్సాప్ గ్రూపులో పెడుతుందట.

"హెన్రీ తాత అన్నీ ఇంటారు బాబాయ్. ఒక్క వారం పెట్టకపోతే ఫోన్ చేసి మరీ అడుగుతారు. ఆ పడమటి గుమ్మం వోడి కథుంది సూడు, అది రెండుసార్లు ఇన్నారంట."

దేముడు టీ కప్పు బెంచీ మీద పెట్టేశాడు. ఇన్నాళ్లూ వాడు వింటున్నాడు. పదేళ్లుగా తను ప్రతి ఆదివారం వాడి మొహాన ద్రోహి అని రాస్తుంటే, వాడు ఇంట్లో కూర్చుని చెవి దగ్గర పెట్టుకుని వింటున్నాడు. ఆ మరుసటి వారం దేముడు కథ ఎత్తుకుని, ఓడ దగ్గరికొచ్చి, నోరు పెగలక ఆగిపోయాడు.

నోరు పెగలకపోవడానికి ఇంకో కారణం కూడా తయారవుతోంది. పూజల నాటి నుంచి గొంతు బొంగురుపోయింది. జలుబని కొన్నాళ్లు, దుమ్మని కొన్నాళ్లు నెట్టాడు. చివరికి కలకత్తాలో పెద్ద డాక్టరు గొట్టం వేసి చూసి, పుండు చెడ్డదని, కోసి తీసెయ్యాలని, దాంతోపాటు మాట కూడా పోతుందని చెప్పాడు. ప్రాణానికి భయం లేదన్నాడు. బుధవారం ఆపరేషన్, మంగళవారం చేరాలి.

చిలకమ్మ డాక్టరు ముందు ఏడవలేదు. ఇంటికొచ్చి ఎండు చేపల తలలు తుంచుతూ ఏడ్చింది. దేముడు ఆమె ఎదురుగా పీట వాల్చుకుని కూర్చుని, ఎక్కడ మొదలెట్టాలో తెలియక, జలేశ్వర్ చేపల పులుసు దగ్గర మొదలెట్టి అంతా చెప్పేశాడు. చెప్పడం అయ్యాక ఆమె అర్థం చేసుకుని తల నిమురుతుందని ఎక్కడో ఆశపడ్డాడు.

చిలకమ్మ చేప కింద పడేసింది. "మా నాన్న నిన్ను సూసి పిల్లనిచ్చినాడనుకున్నావేటి? నీ మొకానికా? సమ్మెలో నిలబడ్డ మొగోడని ఇచ్చినాడు! నలభై తొమ్మిదేళ్లు నానూ అందరికీ అదే సెప్పుకుని తిరిగినాను కదయ్యా!"

"తప్పే."

"ఆ హెన్రీ బాబు బజార్లో ఎదురైతే నాను మొకం తిప్పుకునేదాన్ని. ఎలీసమ్మ పోయినప్పుడు ఆ గుమ్మం తొక్కలేదు. ఎందుకు తొక్కలేదు? నీ మాట నమ్మి!"

ఎలీసమ్మ హెన్రీ భార్య, పోయి ఆరేళ్లయింది. ఆ రోజు శవపేటిక బండి ఝపటాపూర్ మీదుగా వెళ్తుంటే దేముడు తలుపు వేసుకుని లోపల కూర్చున్నాడు.

చిలకమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. "నాకొక్కదానికి సెప్పి బరువు దింపేసుకున్నాననుకోకు. గొంతుండగానే అందరికీ సెప్పు. ఆయన ముందర సెప్పు" అని, చెప్పులేసుకుని దోర్కా కొట్టుకి నడిచింది. ఏం మాట్లాడిందో దేముడు అడగలేదు. ఆమె తిరిగొచ్చి పులుసు పెట్టింది కానీ వడ్డించలేదు. గిన్నె ముందు పెట్టి వెళ్లిపోయింది.

ఆఖరి ఆదివారం కొట్టు దగ్గర జనం ఎక్కువే ఉన్నారు. దేముడి గొంతు పోతోందన్న సంగతి ఝపటాపూరంతా పాకింది. ఓడ ఇవాళైనా కదులుతుందని అందరూ నాలుగు కాకముందే బెంచీలు ఆక్రమించారు. మోహనకృష్ణ మెడలో మఫ్లర్‌తో ముందు వరసలో కూర్చున్నాడు. చిలకమ్మ ఎన్నడూ లేనిది వచ్చి పొయ్యి పక్కన నిలబడింది. నాలుగూ పది అయ్యాక టోటో రిక్షా ఒకటి ఆగి, అందులోంచి ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతికర్ర పట్టుకుని హెన్రీ దిగాడు.

దోర్కా తన సొంత స్టూలు తెచ్చి వేసింది. హెన్రీ కూర్చుని, కర్ర మోకాళ్ల మధ్య పెట్టుకుని, కథ వినడానికొచ్చిన మనిషిలాగే చూశాడు.

దేముడు మొదలెట్టాడు. గొంతు ఇసుక మీద లాగినట్టుంది. రేవు, ఓడ, వెయ్యిమంది, చోడి అంబలి చెప్పాడు. రాజు శాసనం చదివించడం చెప్పాడు. "అప్పుడు తూర్పు గుమ్మం కాపలావోడు రాజు ముందరికొచ్చి ఒక మాట సెప్పినాడు. రాజా, నేను ఇరవై రోజులు గుమ్మం కాడ నిలబడ్డానని మీరు కడియం ఏసినారు. నేను నిలబడలేదు. నేనసలు రాలేదు. ముందు రోజే పారిపోనాను. పడమటోడు పొద్దున్న కాణ్నుంచి రెండు గుమ్మాలూ ఒక్కడే కాసినాడు, నాకోసం సూసినాడు. నేను రాలేదని తెలిసినాకే ఆడు గడియ తీసినాడు."

బెంచీ మీద ఎవరో నవ్వారు, ఇదేదో కొత్త మలుపనుకుని. దేముడికి ఆ నవ్వు వినగానే కథ మీద విరక్తి పుట్టింది. అడ్డంగా చెయ్యి ఊపాడు.

"రాజూ లేడు, గుమ్మమూ లేదు. నేను సెప్తన్నది నా ముచ్చట. మే ఎనిమిదిన నేను గేటు కాడికి రాలేదు. అండర్‌గ్రౌండ్ కాదు, ఏటీ కాదు. జలేశ్వర్‌లో మా అత్త ఇంట్లో దాక్కున్నాను. భయమేసి. హెన్రీ వొచ్చినాడు. నేను రాలేదు. యాభై ఏళ్లు ఆణ్ణి మీరంతా తిడతంటే ఇంటూ కూకున్నాను. తిట్టినాను కూడాను."

పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. దోర్కా చూడలేదు. మోహనకృష్ణ మెల్లగా లేచాడు.

"నా పెద్ద కూతురికి రెండేళ్లప్పుడు నేను జైల్లో ఉన్నాను" అన్నాడాయన. "నీ పేరు సెప్పుకుని ఆ జైల్లో పాటలు పాడినాం రా." ఇంకేమీ అనకుండా మఫ్లర్ సర్దుకుని రోడ్డు దాటి వెళ్లిపోయాడు. ఆయన వెనక మరో ఇద్దరు లేచారు.

హెన్రీ కదల్లేదు. నేల చూస్తూ, "పదింటిదాకా సూసినాను" అన్నాడు. యాభై ఒక్క ఏళ్ల తర్వాత ఆ నోటి నుంచి, నంబరు కాకుండా, దేముడు విన్న మొదటి మాట అది.

"తెలుసురా."

"ఊఁ."

హెన్రీ తలెత్తాడు. "మరి ఓడ ఎప్పుడు కదుల్తాది? ఏడు వారాల్నుంచి సంపేస్తన్నావు."

ఎవరో కిసుక్కుమన్నారు. చిలకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వుకో ఏడుపుకో. దేముడు అక్కడికక్కడే శాసనం కొట్టేసి, ఫిరంగివాళ్లను ఎక్కించి, తెరచాప ఎత్తించాడు. అంత పెద్ద ఓడ అయిదు నిమిషాల్లో భీమిలి దాటిపోయింది. వర్ణన లేదు, వీడ్కోలు లేదు. అంత చచ్చుగా అతను ఏ వారమూ చెప్పలేదు. బుర్ర కథ మీద లేదు మరి.

లేచి వెళ్తూ హెన్రీ చిలకమ్మతో అన్నాడు. "మంగళవారం నేనూ వస్తానమ్మా కలకత్తా. పాస్ ఉంది నాకు, ఊరికే పడుంది."

మంగళవారం పొద్దున్న లోకల్‌లో కిటికీ పక్కన దేముడు, ఎదురుగా హెన్రీ, మధ్యలో ఫ్లాస్కు, సంచులతో చిలకమ్మ. బండి జక్‌పూర్ దాటకముందే దేముడు నోరు తెరిచాడు, మూయలేదు. పాత ఫోర్‌మన్ విగ్గు సంగతి, క్రిస్మస్ కేకులో ఎలీసమ్మ పంచదార బదులు ఉప్పు వేసిన సంగతి, అమ్మేసిన సైకిలు సంగతి, రెండు మోకాళ్లలో ఏ మోకాలు ఎక్కువ నొప్పో ఆ సంగతి. హెన్రీ మధ్యమధ్య, "కాదెహె, ఆడు కాదు, ఆడి తమ్ముడు" అని దిద్దేవాడు. పనికొచ్చే ముక్క ఒక్కటి లేదు. యాభై ఏళ్ల చెత్తంతా ఒక్క పెట్టెలో కుక్కుతున్నట్టుంది.

"గొంతు దాసుకోవయ్యా" అంది చిలకమ్మ.

"దాసుకుని ఏటి సేస్తాను? రేపట్నుంచి ఎవులికియ్యను?"

ఆమె మొహం తిప్పుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. మళ్లీ ఆపలేదు.

పాన్స్‌కురా దగ్గర కథలో యుద్ధం ఎత్తుకున్నాడు. వచ్చే ఆదివారం నుంచి కథ హెన్రీయే చెప్పాలని ఇద్దరూ ఎప్పుడనుకున్నారో ఏమో, హెన్రీ తలూపుతూ గుర్తుపెట్టుకుంటున్నాడు. మనవాళ్లు ఫ్రెంచివాళ్ల పక్క చేరారు, వాళ్ల రొట్టె బాగుంటుందని. మంచులో చెప్పుల్లేకుండా నడవలేక గోనెసంచులు చుట్టుకున్నారు. బండి రూప్‌నారాయణ్ వంతెన మీద ఉండగా ఒక కోట పట్టుకున్నారు, బాగ్నాన్ దగ్గర పోగొట్టుకున్నారు. ఉలుబేడియా వచ్చేసరికి దేముడి గొంతులోంచి గాలి తప్ప మాట రావడం లేదు. ఆందూల్ దగ్గర అది కూడా సన్నగిల్లింది. చెయ్యి ఊపి, ఇంకా ఉంది అన్నట్టు వేళ్లు చూపించాడు.

చిలకమ్మ నీళ్లిచ్చింది. దేముడు తాగాడు. హెన్రీ కర్ర మీద గడ్డం ఆనించి, బయట వెనక్కి పోతున్న పట్టాల వైపు చూశాడు.

"ఒరే దేముడూ, నువ్వొచ్చినా నేను డ్యూటీ ఎక్కేసేవోణ్ణేమో" అన్నాడు. "నాకు తెల్దు. నువ్వు రాలేదన్న సాకు ఒకటుండిపోనాది. దాని మీదే బతికినాను నేనూనూ."

దేముడు కాదన్నట్టు తలూపాడు. హెన్రీ పట్టించుకోలేదు.

"ఆ పొద్దున్న గేటు కాడ ఏటైందో ఎవులికీ సెప్పలేదు నేను. ఎలీసమ్మకీ సెప్పలేదు, మా పిల్ల డయానాకీ సెప్పలేదు. అడిగితే నువ్వే అడగాల అనుకున్నాను. నువ్వడగలేదు. పక్క కేబిన్‌లో ముప్ఫై ఏళ్లున్నావు, అడగలేదు."

సాంత్రాగచి వస్తోందని జనం సామాన్లు దింపుకుంటున్నారు. దేముడు ముందుకి జరిగి, మోకాళ్లు మోకాళ్లకి తగిలేంత దగ్గరగా కూర్చున్నాడు. గొంతులో మిగిలిన కాస్త గాలినీ కూడగట్టుకున్నాడు.

"ఏటైందిరా?" అని అడిగాడు.

హెన్రీ చెప్పడం మొదలెట్టాడు.